మోటారు ఆగిపోయాక

మీరే చేశారు ఇదంతా. ట్యాంకులెక్కి సరిహద్దు దాటి వచ్చిన మీరు. ఆ ట్యాంకుల్నీ వాటికి తోడు విమానాల్నీ పదేళ్ళ పాటు అమ్ముకుని, ఇవాళ రేడియోలో నీతులు చెబుతున్న మీరు. ఎండాకాలం సెలవులకని లండన్ వెళ్ళి, అక్కడి హోటలు టీవీలో మీ వీధి తగలబడటం చూస్తూ కూడా, పనిమనిషి పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చామన్న సంగతి గుర్తుకు రాని మీరు. ఫలానా దేశాల వాళ్ళంతా హోటలుకి వచ్చి లొంగిపోవాలి, వాళ్ళని ఇంట్లో దాచినవాళ్ళకి ఉరి, అని తాపీగా చదివిన మీరు. నూనె బావి కనిపిస్తే నోరూరి, మనిషి కనిపిస్తే చిరాకుపడే మీరంతా కలిసి చేసిన పనికి, పందొమ్మిది వందల తొంభై సెప్టెంబరులో ఒక పొద్దున తొమ్మిదింబావుకి, కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తు గడప మీద, సంజీవమ్మ అనే కడప జిల్లా ఆడమనిషి బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది. మిద్దె మీద నీళ్ళ మోటారు ఆగిపోయింది. ఆగకూడని ఘడియలో ఆగిపోయింది.

మోటారు ఆగితే ఏం కొంపలు మునిగాయంటారా? మునిగాయి. రోజూ తొమ్మిదింటికి కింది ఇంట్లో ఉండే పాల్‌రాజు ఆ మోటారు వేస్తాడు. ముసలి మోటారు, అరగంట సేపు బిల్డింగంతా దడదడలాడిస్తే గానీ ట్యాంకు నింపదు. ఆ దడదడ కింద దూరి, లోపల కిటికీ లేని స్నానాలగదిలో, ముక్కాలిపీట మీద కూర్చుని మామా, అంటే సంజీవమ్మ పనిచేసే ఇంటి ఫ్రెంచి యజమానురాలు, చెల్లో వాయించుకుంటుంది. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దక్క అనుకోండి, నేల మీద నిలబెడితే ఆడమనిషి భుజం దాకా వస్తుంది, మోకాళ్ళ నడుమ పెట్టుకుని కమానుతో వాయించాలి. మోటారు తిరిగినంత సేపు ఆ వాయింపు మోటారు కడుపులో కలిసిపోతుంది. అయినా నమ్మకం చాలక తీగల కింద సంజీవమ్మ పాత చీర చింపి నాలుగు మడతలు దూర్చారు, గొంతు నొక్కినట్టు. నలభై దినాల బట్టీ ఇంతే, ఆ మనిషి బతికి ఉందనడానికి ఆ అరగంటే సాక్ష్యం. ఈరోజు మామా ఆ గుడ్డ పీకేసింది. "సంజీవా, టుడే యూ గో," అంది తన కలగలుపు భాషలో, "ఈరోజు గుడ్డ లేదు. నీకోసం. షువయ్యా, కొంచెమే." వంటింటి గడపలో నిలబడి సంజీవమ్మ విన్నది. నాలుగేళ్ళుగా చెవికి అలవాటైన గొంతు, నలభై దినాల తర్వాత, నీళ్ళు విడిచిన కాలవలాగా వచ్చి కాళ్ళని తాకింది. అదే నిమిషంలో మోటారు చచ్చింది. మామా చెయ్యి ఇంకా సగం దారిలో ఉంది. మూడు ఊపిర్లంత సేపు ఆ శబ్దం ఒంటి మీద గుడ్డ లేని మనిషిలాగా మెట్ల మీద నిలబడిపోయింది. ఆ పైన ఆగింది.

ఎవరు విన్నారు? మలుపులో కోఆపరేటివ్ స్టోరు ముందర చెక్‌పోస్టు ఉంది, ఇసకబస్తాల మీద కాళ్ళు చాపుకుని నలుగురు సిపాయిలు ఉంటారు, వాళ్ళకి వినిపించిందా? రెండో అంతస్తులో హసన్‌బీ, ఆమెతో పాటు ఉండే నలుగురు ఆయాలు విన్నారా? ఒక జీపు వచ్చింది, వచ్చి ఆగలేదు, పోయింది. పోయినట్టేనా, మళ్ళీ తిరిగి వస్తుందా? ఎవరో దగ్గారు. ఎవరో బక్కెట్టు దించారు. ఆమె చెవులు రెండూ మెట్లు దిగి కింద వాకిట్లో కాపలా కాస్తున్నాయి, ఒళ్ళు మాత్రం గడప మీద ఉంది. పదింటికి బస్సు. ఈ బిల్డింగు కిందనే, ఫహాహీల్ బజారు వెనక సందులో నిలబెట్టారు, బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడినుంచి జోర్డాను, అక్కడినుంచి విమానం. జాబితా రాసింది రాయచోటి దర్జీ ఖాసిం వలి, అందులో ఆమె పేరు నాలుగోది. నాలుగోది ఎందుకంటే ఆమె పాస్‌పోర్టు ఆమె రవికలో ఉంది. మిగతావాళ్ళవి కఫీళ్ళ, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమానుల, బీరువాల్లో ఉన్నాయి, ఈమెది మాత్రం ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజే మామా తెచ్చి చేతిలో పెట్టి, "ఇది నీది, నా దగ్గర ఎందుకు?" అంది. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు గోడ అవతల స్నానాలగదిలో ఉంది. మామా ఆగస్టులోనే ఫ్రాన్సు పోయిందని సంజీవమ్మ ఊరందరికీ చెప్పింది. ఈమె బస్సెక్కితే, ఆ మనిషికి రొట్టె ఎవరు తెస్తారు? ఇదీ ప్రశ్న. నలభై నిమిషాల్లో జవాబు కావాలి.

మామా అసలు పేరు సొలాంజ్. అరవై ఒక్క ఏళ్ళు. కొత్తలో "మామా అనొద్దు, సొలాంజ్ అను" అని ఎన్నిసార్లు చెప్పిందో. అంతకు ముందు పనిచేసిన ఇంట్లో ఇంటామెని మామా అని పిలవడం ఒక్క క్షణం ఆలస్యమైతే చెంప పేలేది, అట్లా అలవాటైన నాలుక ఇట్లా ఎట్లా తిరుగుతుంది? "సరే మామా, సొలాంజ్ అంటా," అంది సంజీవమ్మ. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎంతసేపు నిలిచింది? రెండో రోజు దాకా. రెండో రోజు సంజీవమ్మ కమాను ఉతికేసింది. ఉతికేసిందంటే నిజంగానే, వేణ్ణీళ్ళలో టైడు పొడి వేసి, గుర్రపు తోక వెంట్రుకలు కట్టిన ఆ కర్రని బట్టల బ్రష్షుతో బరబరా తోమేసింది. ఎందుకు తోమిందో వేరేవాళ్ళకి అర్థం కాదు. ఆమెది మంగంపేట పక్కన పల్లె. మంగంపేటలో ముగ్గురాయి గనులు, పన్నెండో ఏట నుంచీ తట్టలు మోసింది, నెత్తి మీద తెలుపు, రెప్పల మీద తెలుపు, ఎంగిలి మింగితే తెలుపు. మొగుడు రామాంజులు ఆ పొడి పీల్చి పీల్చి ముప్పై అయిదేళ్ళకే ముసలోడి దగ్గు దగ్గుతాడు. తెల్ల పొడి ఎక్కడ కనిపించినా ఆమె చెయ్యి ఆగదు, తుడిచేయాలి, కడిగేయాలి, లేకపోతే ఎవరి రొమ్ములోకో పోతుంది. కమాను మీద, తీగల కింద, సన్నగా తెల్లగా పొడి కనిపించింది. అది గుగ్గిలం అనీ, అది రుద్దకపోతే వెంట్రుకలు తీగ మీద జారిపోతాయే గానీ పలకవనీ, ఆమెకెవరు చెప్పారు? మామా వచ్చి చూసి వంటింటి బండల మీద కూలబడింది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలీలేదు. వెంట్రుకలు ఉండ చుట్టుకుపోయాయి, ఆ కమాను ఫ్రాన్సు పోయి రెండు నెలలకి గానీ బాగుపడి రాలేదు. ఆ సాయంత్రం మామా టీ పెట్టి ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు కడిగావు అని అడిగింది. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడిగింది. పని చేయించుకున్న వాళ్ళలో ఎందుకు అని అడిగిన మొదటి మనిషి. సంజీవమ్మ గని సంగతంతా చెప్పింది, చేతులతో, హిందీతో, అరబ్బీతో. ఆ పొడి ఎక్కడికి పోతుంది అని అడిగింది మామా. ఓడలెక్కి పోతాది, యాడికి పోతాదో మాకు తెల్దు. అప్పుడు మామా చెప్పింది. చచ్చిపోయిన తన భర్త నూనె బావులు తవ్వే ఇంజనీరు, బావి తవ్వేటప్పుడు బురదలో బరువుకని ఆ పొడే కలిపేవాళ్ళట, బస్తాల మీద ఇండియా అని ఉండేదట. అంటే రామాంజులు రొమ్ములో మిగిలిందీ, ఈ దేశం కిందికి దిగిందీ ఒకటే పొడి. ఆ బావుల కోసమే ఇప్పుడు ఈ ట్యాంకులు. తట్ట మోసినవాడికి దగ్గు, బావి ఉన్నవాడికి లండను, మధ్యలో ఈ స్నానాలగది.

రామాంజులు ఇప్పుడేం చేస్తుంటాడు? ఇక్కడ తొమ్మిదిన్నరైతే అక్కడ పన్నెండు. ఓబులవారిపల్లె స్టేషన్లో మద్రాసు పోయే బండి ఆగి ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద దోసకాయలమ్మే ఆమె అరుపు, ఉప్పూకారం వాసన, గాలికి గూడ్సు పెట్టెల మీద నుంచి లేచే ఆ పాడు తెలుపు. ఆ తెలుపు మీద కూడా మనసు పోతుందని ఎవరనుకుంటారు? కూతురికి తొమ్మిదో ఏడు. వదిలి వచ్చేటప్పుడు ఒంటి మీద చొక్కా నిలిచేది కాదు, ఇప్పుడు రెండు జడలు వేసుకుంటుందట, ఫోటో వచ్చింది, ఫోటోలో ముక్కు రామాంజులుది. ఆ జడలు తన చేత్తో అల్లాలి. అల్లి, గట్టిగా లాగి, అది అబ్బా అంటే, ఊరుకోమే అనాలి. ఇంతే, ఇంతకన్నా పెద్ద కోరిక లేదు. ఈ కోరికకి నలభై దినాలుగా నిద్ర లేదు. ఈ కోరిక లేచినప్పుడల్లా వెనకే ఇంకొకటి లేస్తుంది, మామా నువ్వు హోటలుకి పోయి లొంగిపో, నా ప్రాణం తీయొద్దు అని. ఒకసారి అనేసింది కూడా. మామా "పోతాను" అంది, చెప్పులు వేసుకుంది, తలుపు దాకా వచ్చింది. సంజీవమ్మే అడ్డం పడి చెప్పులు లాగి పొయ్యి వెనక విసిరేసింది. లొంగిపోయినవాళ్ళని తీసుకెళ్ళి ఫ్యాక్టరీల దగ్గర, ఆనకట్టల దగ్గర కూర్చోబెడుతున్నారట, బాంబులేస్తే ముందు వీళ్ళు చావాలని. మనిషిని గోడకి ఇటుకలాగా పెట్టడం ఎవరు నేర్పారు వీళ్ళకి?

ఆమె ఎవరో చెప్పాలంటే పీపాల దగ్గర మొదలెట్టాలి. మామా నాన్న లువార్ అనే నది ఒడ్డున ద్రాక్షసారా పీపాలు చేసే వడ్రంగి. చెక్కని కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడట, పగులు ఉంటే చెక్కే చెబుతుందని. ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ప్రతి చెక్కనీ కొట్టి వినేది. ఊళ్ళో ఒక సంగీతం మేష్టరు, యూదు మనిషి, ఒంటిగాడు, పిల్ల వినే తీరు చూసి చెల్లో దగ్గర కూర్చోబెట్టాడు. పదిహేడో ఏట పారిస్ పోయింది, పెద్ద బడిలో రెండో బహుమతి వచ్చింది. రెండోది. ఆ మాట చెప్పేటప్పుడు మామా మూతి ఇప్పటికీ వంకర పోతుంది. తర్వాత లియోన్ ఊళ్ళో వాద్యబృందంలో ఇరవై రెండేళ్ళు, చివరి వరసలో చివరి కుర్చీ, ముందు కూర్చున్న మగవాళ్ళ మెడలు చూస్తూ. ఆ ఇరవై రెండేళ్ళలో ఒకే ఒక్క సాయంత్రం ముందు కుర్చీ ఆయన అన్నం పడక వాంతులు చేసుకుంటే, ఈమెని ముందుకి పిలిచారు. పదకొండు నిమిషాలు ఒంటిగా వాయించింది. పదకొండు నిమిషాలు, సంజీవా, అని వేళ్ళు చూపిస్తుంది. మర్నాడు మళ్ళీ చివరి కుర్చీ. ఆ పదకొండు నిమిషాలు ఎట్లా ఉన్నాయి అని సంజీవమ్మ అడిగింది. మామా ఆలోచించి, "గదిలో అందరూ నా ఊపిరి తీసుకున్నారు," అంది. ఆ మాట సంజీవమ్మకి అర్థం కాలేదు, ఈ పొద్దున గుడ్డ తీసేసినాక అయింది. భర్తకి కువైట్‌లో ఉద్యోగం వస్తే ఆ కుర్చీ వదిలి వచ్చింది. ఆయన గుండె ఆగి చచ్చిపోయినా తిరిగి పోలేదు. ఎందుకు పోలేదంటే శనివారం ఒకమ్మాయి పాఠానికి రావాల్సి ఉంది, సోమవారం ఇంకొకరు. పాఠం మధ్యలో ఎట్లా పోతారు? అట్లా శనివారాలూ సోమవారాలూ ఆరేళ్ళయ్యాయి.

పన్నెండు మంది వచ్చేవాళ్ళు. వంటింట్లో కూర్చుని, చూడకుండానే, ఎవరు వచ్చారో సంజీవమ్మ చెప్పేది. పాలస్తీనా డాక్టరు కొడుకు తొందరగాడు, బస్సు తప్పిపోతున్నట్టు వాయిస్తాడు. గోవా గుమస్తా కూతురు రెండో తీగ దగ్గరికొచ్చేసరికి భయపడుతుంది, అక్కడ ఏదో కుక్క ఉన్నట్టు. కువైటీ పిల్ల నూర్ బాగా వాయిస్తుంది, బాగా వాయిస్తానని తెలిసినప్పుడు మాత్రం పాడు చేస్తుంది. మామా మొదటి మూడు నెలలు ఎవరికీ పాట నేర్పదు. ఒక్క తీగ, వేలు పెట్టకుండా, కమానుని ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాలి, అంతే. తల్లులు వచ్చి పోట్లాడేవాళ్ళు, ఇంత డబ్బు తీసుకుని ఒక్క పాటా రాలేదే అని. "ఇంకా లాగడం రాలేదు, పాట ఎక్కడి నుంచి వస్తుంది?" అనేది మామా. ఆ లాగుడుకి సంజీవమ్మ చీపురు కూడా అలవాటుపడింది, పొడుగ్గా, ఆపకుండా, మూలదాకా. ఆగస్టు రెండున, గురువారం, నూర్ పాఠానికి రావాల్సిన రోజు. తెల్లారుజామునే ఇరాకు ట్యాంకులకి నేల అదిరింది. మామా నాలుగింటి దాకా కుర్చీ వేసి, నోట్సు కాగితాలు సర్ది, ఆ పిల్ల కోసం కూర్చుంది. రాలేదు. ఇప్పటికీ ఎక్కడుందో తెలీదు. అయినా ప్రతి గురువారం మామా నాలుగింటికి స్నానాలగదిలో ఎదురుగా ఒక ఖాళీ పీట వేస్తుంది. వాయించదు. మోటారు లేదుగా. ఎడమచేతి వేళ్ళు మాత్రం తీగల మీద నడుస్తాయి, కమాను గాలిలో కదులుతుంది, పెదాలు ఏదో చెబుతాయి, మళ్ళీ అను, మళ్ళీ, చివరిదాకా. శబ్దం లేని పాఠం. దాన్ని చూస్తూ నిలబడితే సంజీవమ్మ చెవుల్లో వినిపించేది. రామాంజులు దగ్గు కూడా అట్లాగే వినిపిస్తుంది, ఇంత దూరానికి.

రొట్టె సంగతి. బేకరీలో మనిషికి ఒక్క పాకెట్టు. పొద్దున ఆరింటికి బూడిదరంగు ముసుగు కట్టుకుని వరసలో నిలబడి ఒకటి, ఇంటికొచ్చి నల్ల అబాయా వేసుకుని పోయి మళ్ళీ వరసలో నిలబడి ఇంకొకటి. పదిరోజులు ఎవరూ పట్టలేదు. పదకొండో రోజు హసన్‌బీ వరసలో అందరి ముందరే మొదలెట్టింది: "ఏం సంజీవమ్మా, రెండు పాకెట్లు మింగి కూడా చీపురుపుల్ల మాదిరే ఉండావే, ఎవునికి పెడ్తాండావు మే?" వరసంతా నవ్వింది. సంజీవమ్మ ముసుగు ముందుకి లాక్కుంది. "నా ఆకలి నా ఇష్టం," అంది. "ఆకలా? ఆ ఆకలికి మీసాలుండాయా?" మళ్ళీ నవ్వులు. ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా ఇదే, సంజీవమ్మ ఎవణ్ణో పెట్టుకుంది అని. చచ్చేంత సిగ్గు. అయినా నోరు మూసుకుంది. పరువు పోతే పోయింది, పాకెట్టు వచ్చింది. మీసాల సిపాయి ఒకడు ఇల్లు వెతకడానికి వచ్చిన రోజు కూడా అంతే, "మామా మాఫీ, సాఫర్," అని ఒకటే మాట, మామా లేదు, ఊరెళ్ళింది. వాడు టీవీ మోసుకుపోయాడు. హాల్లో మూల నిలబెట్టి ఉన్న చెల్లో పెట్టెని తట్టి చూసి, తెరిచి చూసి, ఇది ఎందుకు పనికొస్తుందో తెలీక వదిలేశాడు. స్నానాలగది తలుపుకి అడ్డంగా సంజీవమ్మ తడిబట్టల దండెం కట్టి, తన లోపలి లంగాలు ఆరేసి ఉంచింది. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆ లంగాలకి దండం పెట్టాలి.

పోయిన ఆదివారం చెప్పింది మామా, అంతవరకూ ఎప్పుడూ చెప్పనిది. ఆ మేష్టరు సంగతి. అప్పుడు జర్మనీ సిపాయిలు ఆ ఊళ్ళో దిగారు. యూదుల్ని రైళ్ళలో ఎక్కించి తీసుకుపోతున్నారు. మేష్టరు ఒక మూతపడ్డ సారాకొట్టు కింద నేలమాళిగలో దాక్కున్నాడు. ఆ సంగతి లోకంలో ఒక్కరికే తెలుసు, పదమూడేళ్ళ సొలాంజ్‌కి. రోజూ గౌను కింద రొట్టె పెట్టుకుని పోయేది. ఆయన రొట్టె తిని పాఠం చెప్పేవాడు, శబ్దం లేకుండా, చేతులు గాలిలో ఆడించి. పధ్నాలుగు నెలలు. అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, చెప్తే ప్రమాదమని మేష్టరే ఒట్టు వేయించుకున్నాడు. తర్వాత సొలాంజ్‌కి జ్వరం వచ్చింది. మాట పడిపోయేంత జ్వరం, నాలుగు రోజులు. అయిదో రోజు లేచి రొట్టె పట్టుకుని పరిగెత్తింది. తలుపు తెరిచి ఉంది. నీళ్ళ కోసం వీధి పంపు దగ్గరికి వచ్చాడట, అక్కడ పట్టుకున్నారట. చెప్పడం అయ్యాక మామా ఏడవలేదు. "నేను బాగా దాచాను, సంజీవా. చాలా బాగా దాచాను. ఒక్కరికీ తెలియలేదు. అందుకే చచ్చిపోయాడు," అంది. ఆ మాట ఈ వారమంతా సంజీవమ్మ గొంతులో ముల్లులాగా ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. ఇప్పుడు గడప మీద కూర్చుంటే ఆ ముల్లు కదిలింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. సిపాయిల బూట్లు కావు, రబ్బరు చెప్పులు. ఒకటి, రెండు, మలుపు. పాల్‌రాజు. రాజోలు వైపు మనిషి, కువైటీ ఇంట్లో డ్రైవరు, యజమాని కారుతో సహా సౌదీ పారిపోతే ఇక్కడ మిగిలిపోయి బిల్డింగు కాపలా, మోటారు, గొట్టాలు అన్నీ చూస్తున్నాడు.

"ఏంటండీ సంజీవమ్మ గారూ, ఇంకా ఇక్కడే కూర్చున్నారు? ఖాసిం వలి గారు మీ పేరు రెండుసార్లు పిలిచేరండి."

"వస్తాండా. మోటారెందుకు ఆపినావు?"

"నేనాపడవేంటండీ, కరెంటు పోయింది." అతను పై మెట్టు మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "రోజూ జలుబు చేసినట్టు వచ్చేది కదండీ, ఇయ్యాల అలా గొంతు విప్పేసేరేంటండి మామాగారు? ఇంకా నయం, మెట్ల మీద మనోళ్ళే ఉన్నారు."

సంజీవమ్మ మూటని ఒళ్ళోకి లాక్కుంది. "ఏ మామా? మామా సాఫర్."

"ఆయ్, సాఫరే. మరి నెలన్నర నించీ కాలవ గొట్టంలో తెల్లజుట్టు ఎవరిదండి? తీసేది నేనే కదండీ. మీది చూస్తే నల్లగా నిగనిగలాడిపోతంది."

వెనకే హసన్‌బీ ఎక్కి వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ. సంజీవమ్మ ఆమె వైపు తిరిగింది. "నీకూ తెల్సా?"

"తెల్దా మరి? నీకు మగోడుండాడని రొట్టెల లైన్లో దండోరా వేసింది నేనే గదమే. ఆ బంగ్లాదేశ్ ఆయమ్మ అడిగె, ఈమెకు రెండు పాకెట్లు ఎందుకని. నేనేం జెప్పల్ల? ఇంట్లో తెల్లామె ఉండాదని చెప్పేదా? సంజీవమ్మ ఎవుణ్ణో పెట్టుకునిందని జెప్తి. గబుక్కున నమ్మిరి. మంచిమాటైతే సాక్ష్యం అడుగుతారు, ఇట్లాంటిదైతే అడుగుతారా?"

ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది, రెండింటినీ తోసుకుని కోపం వచ్చింది. నలభై దినాలు. నలభై దినాలు తనొక్కదానికే తెలుసనుకుని, అన్నం గొంతు దిగక, కలలో కూడా పెదాలు కుట్టుకుని పడుకుంది. వీళ్ళంతా పక్కనే ఉన్నారు, అందరికీ తెలుసు, ఎవరికి వాళ్ళు మంచిగా, మర్యాదగా, గుట్టుగా. ఎంత మంచివాళ్ళు! ఒక్కరైనా తలుపు తట్టి, ఈరోజు నువ్వు పడుకో, రొట్టె నేను తెస్తా అన్నారా? తెలిసి గమ్మునుండటం కూడా ఒక సాయమేననుకున్నారు. అది సాయం కాదు. అది సగం. సగం సాయంతో ఒక మనిషి నీళ్ళ పంపు దగ్గర దొరికిపోయాడు.

కింద హారను మోగింది. ఖాసిం వలి మెట్లెక్కి వచ్చాడు, చెవి మీద పెన్సిలు, చేతిలో జాబితా, పొట్ట ఎగిరెగిరి పడుతోంది. "అక్కా, యల్లా, పద! డ్రైవరు ఇరాకోడు, వాడు నా మాట వినడు. పది నిమిషాలు, ఖలాస్, పోతాడు. నీ సీటు కోసం కింద ముగ్గురు కొట్టుకుంటాండారు."

సంజీవమ్మ లేచింది. మూట గడప మీద పెట్టింది. మెట్ల మీద ఇప్పుడు పాల్‌రాజు, హసన్‌బీ, ఖాసిం వలి, కింద మలుపులో హసన్‌బీ ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు. లోపల గోడ వెనక ఒకామె నిద్రపోయే పిల్లకన్నా నిశ్శబ్దంగా కూర్చుని ఉందని అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు. సంజీవమ్మ అనేసింది.

"మామా లోపల ఉండాది. ఇప్పుడు చెప్పినా. తెలుసునని ఊరుకుంటే కుదరదు. నేను ఈ బస్సెక్కాల. నా బిడ్డ కాడికి పోవాల, నా మొగుడు దగ్గుతాండాడు, పోవాల. పోకపోతే నేను మనిషిని కాను. ఆమెను వదిలి పోయినా మనిషిని కాను. అందుకే చెప్తాండా, వారానికి ఏడు దినాలు. దినానికొకరు. రొట్టె, నీళ్ళు, కరెంటు వస్తానే మోటారు. చెప్పండి, ఎవురెవురు?"

ఖాసిం వలి చెవి మీది పెన్సిలు తీశాడు. ఆమె అతని చెయ్యి పట్టేసుకుంది. "రాయొద్దు. కాయితం జోబులో దొరుకుతాది. నోటితో చెప్పండి, నేను వింటా, మీరు వినండి."

"ఉరి అంటాండారు గదమే," అంది హసన్‌బీ, ఇందాకటి ఎగతాళి గొంతులో ఏమీ మిగల్లేదు.

"అంటాండారు. నలభై దినాలు ఆ తాడు నా ఒక్క మెడకే ఉండె. బరువు నాకు తెలుసు. ఏడు మెడలకు పంచితే ఎవురికీ బిగియదు. ఒక్క మెడకుంటేనే బిగుస్తాది."

మెట్ల మీద ఎండ పడి ఉంది, ఎండలో దుమ్ము తిరుగుతోంది. పాల్‌రాజు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"సోమవారం నేనండి," అన్నాడు. "మోటారు ఎలాగూ నాదే."

హసన్‌బీ మెట్టు మీద కూర్చుంది, తలకొంగు సర్దుకుంది, చాలాసేపు సర్దుకుంది. "మంగళవారం," అంది. "ఆమెకు కారం లేకుండా చెయ్యల్లనా? చెప్పు, మళ్ళ నన్ననొద్దు."

"కారం తింటాది. నేను నేర్పిచ్చినా. ఇంకొకటి వినండి. మీలో ఎవురు బస్సెక్కినా, మీ దినం ఇంకొకరి చేతిలో పెట్టినాకనే ఈ మెట్లు దిగల్ల. ఉత్తచేతులతో దిగితే ఒప్పుకోను. నేను కూడా దిగను."

కింద హారను మళ్ళీ మోగింది, ఈసారి పట్టుకుని వదలకుండా. ఖాసిం వలి కిందికి చూశాడు, ఆమె వైపు చూశాడు. "అక్కా, వాడు పోతాడు, నా మాటిను."

"పోతే పోనీ. ఇంకా అయిదు దినాలుండాయి." సంజీవమ్మ తలుపు ముందు అడ్డంగా నిలబడింది, రెండు వేళ్ళు ముడిచి మూడో వేలు ఎత్తి పట్టుకుంది, ఖాసిం వలి మొహమ్మీదికి, ఆయాల మొహాల మీదికి, కిందినుంచి ఎక్కి వస్తున్న వాళ్ళ మొహాల మీదికి. "బుధవారం ఎవురు? కిందికి చూడొద్దు, నన్ను చూసి చెప్పండి. బుధవారం ఎవురు?"